కంట్లో పువ్వు – పద్నాలుగో వారం

పురుగుమందు డబ్బా మూత ఊడి నేల మీద దొర్లింది. పోయిన వారం మనం ఆగింది ఆ మూత చప్పుడు దగ్గరే.

నడుమ ఒక వారం తప్పిపోయినవాళ్ళకు నాలుగు మాటల్లో చెబుతాను. ములకలపల్లి అడవి అంచున బండలవాగు తండా. మూడు వారాల్లో అక్కడ ఐదుగురు ఆడవాళ్ళ కళ్ళు చెడ్డాయి. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు లేచి, చూపు మసకబారి, చివరికి గోడకూ మనిషికీ తేడా తెలియకుండా పోయింది. ఐదుగురూ ఒకే మిరప తోటలో కోతకు పోయినవాళ్ళు. అందరికంటే చిన్నది, సోమ్లా భార్య మోతీ. ఖమ్మం తీసుకుపోయేసరికే పుండు పగిలి, చీము లోపలికి దిగి, డాక్టర్లు ఆ కన్నే తీసేశారు. తోట రైతు చెంచురామయ్య కొడుకు వెంకటకృష్ణ కొట్టించిన మందే కళ్ళు తీసిందని తండా తీర్మానించుకుంది. ఈ ఉదయం అతణ్ణి పట్టుకుని, మిరపకాయలు ఆరబోసిన కల్లంలోనే ట్రాక్టర్ ట్రక్కుకు కట్టేసింది. అతను తప్పించుకోకుండా, పోలీసులు రాకుండా కల్వర్టు మీద దుంగలు అడ్డం వేసింది.

ఆ దుంగలకు అవతల అంబులెన్స్ ఆగి ఉంది. ఇవతల, కల్లం పక్కన బస్తాల కొట్టంలో, సరళ ‘యాడి’ అని పిలిచే తల్లి, పూలి, పడుకుని ఉంది. పూలికి కుడి కన్ను చిన్నప్పుడే తట్టు వచ్చి పోయింది. ఉన్నది ఎడమ కన్ను ఒక్కటే. మూడేళ్ళ కింద శుక్లానికి ఆపరేషన్ చేయించి, సరళ వెనక్కి తెచ్చుకున్న కన్ను అది. ఈ ఉదయం ఆ కంట్లోనూ పువ్వు లేచింది.

సరళ మండల కేంద్రంలో కంటి పరీక్షలు చేసే టెక్నీషియన్. మోతీని ఖమ్మం తీసుకుపోయిందీ ఆమే. తల్లి కన్ను ఫోటో తీసి ఖమ్మం డాక్టరుకు పంపితే రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. “నల్లగుడ్డు అడుగున చీము గీత కనిపిస్తోంది. సాయంత్రం ఐదులోపు నా బల్ల మీద ఉండాలి. రేపు అంటే నేనేమీ చెప్పలేను.”

ఇప్పుడు ఒంటిగంట దాటింది. దారి రెండున్నర గంటలు.

“కండ్లు తెరువు,” అన్నాడు సోమ్లా.

వెంకటకృష్ణ తెరవలేదు. రెప్పలు బిగించి, తల ట్రక్కు డోరుకు ఆనించి, ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. డబ్బా ఘాటుకు దగ్గరున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. చుట్టూ ఎకరం మేర ఎర్రగా మిరపకాయలు. ఆ ఎరుపు మీద ఎండ.

“సోమ్లా బావా, డబ్బా కింద పెట్టు,” అంది సరళ. కొట్టం నుంచి పరుగెత్తి వచ్చింది.

“ఎందుకు వదినా? ఈని కండ్లల్ల పోస్తే నీకేం మండుతది?”

“నాకేం మండదు. రేపు నువ్వు జైలుకు పోతవ్. మోతీని ఎవరు చూడాలె?”

“నువ్వు చూడు. చూసుడే గద నీ పని. చూసి చూసి నా పెండ్లాం కన్ను తీసేపిచ్చినవ్.”

ఆ మాట గుచ్చుకుంది. సరళ దాన్ని మింగింది. మింగడానికి కూడా టైం లేదు. సోమ్లాను వదిలేసి, బస్తా మీద కూర్చున్న ధన్‌సింగ్ వైపు తిరిగింది. తండాకు నాయక్ అతను. అతను చెయ్యెత్తితే దుంగలు లేస్తాయి.

“కాకా, మా యాడికి ఉన్నదే ఒక్క కన్ను. నీకు తెల్వదా? అంబులెన్స్ కల్వర్టు కాడనే ఉన్నది. దుంగలు తీపియ్యి.”

ధన్‌సింగ్ చేతికర్రతో నేల మీద గీత గీశాడు. “దుంగలు తీస్తే ఏమైతది బిడ్డా? ఈయన నాయిన జీపు వస్తది. ఎనక పోలీసు బండి వస్తది. ఈయన ఇంటికి పోతడు. మనోళ్ళు లోపలికి పోతరు. కండ్ల సంగతి ఎవ్వడు అడుగడు. ఎవరు చేసిండ్రో తేలాలె. తేలినంక నేనే తీపిస్త.”

“మా యాడి కన్ను పోతది కాకా.”

“మోతీది పోయింది గద.”

వెంకటకృష్ణ కళ్ళు తెరవకుండానే అన్నాడు. “సరళా, నువ్వైనా చెప్పమ్మా. మందు కొట్టించాక ఆరు రోజులు ఆగి కోతకి పిలిచాం. మా నాన్న డైరీలో రాసుంది. కావాలంటే తెప్పించి చూడండి.”

“నీ నాయిన డైరీల నా పెండ్లాం కన్ను రాసి ఉన్నదారా?” సోమ్లా డబ్బా పైకెత్తాడు.

సరళ ఫోన్ మోగింది. కల్వర్టు దగ్గరి నుంచి డ్రైవర్ వీరన్న. “అక్కా, దుంగలు తీస్తుండ్రా లేదా? ఇల్లందు దిక్కు ఇంకో కేసు ఉన్నదంట. రెండింటి దాక ఆగుత. అటెనక నా చేతుల లేదు.”

రెండు. సరళ ఫోన్ జేబులో పెట్టుకుంది.

“అర్ధగంట ఇయ్యి కాకా. అందరి ముంగట కండ్లు చూస్త. ఏం చేసిందో, ఎవరు చేసిండ్రో నేనే చెప్త. ఆ మాట మీద దుంగలు తియ్యి.”

“నువ్వు చెప్పింది మేమెట్ల నమ్మాలె?” అన్నాడు సోమ్లా.

“నమ్మకుంటే నీ డబ్బా నీ చేతులనే ఉన్నది గద బావా.”

ధన్‌సింగ్ ఆమెను ఒక నిమిషం ఎగాదిగా చూశాడు. కర్ర నేలకు తాటించాడు. “అర్ధగంట. సోమ్లా, మూత పెట్టు.”

సోమ్లా మూత కోసం వంగలేదు. డబ్బాను ట్రక్కు అంచు మీద, వెంకటకృష్ణ చెవి పక్కన పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు.

సరళ సంచి తెరిచింది. “ఈ తోటకు మందు ఎవరు కొట్టిండ్రు? యంత్రం ఈపుకు కట్టుకొని కొట్టినోళ్ళు ముంగటికి రాండ్రి.”

నలుగురు మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు నసుగుతూ వచ్చారు. కొట్టింది తామే కాబట్టి తమ మెడకు చుట్టుకుంటుందేమోనని వాళ్ళ భయం. ముందున్నతను దేవ్లా. అతని రెప్ప పైకెత్తి టార్చి వేసింది. గాజుగోళీలా నిగనిగలాడుతోంది నల్లగుడ్డు.

“కంట్ల పడ్డదా మందు?”

“ఒక్కపారి తుంపర పడ్డది. గాడిద లెక్క అరిసిన. బిందె నీళ్ళు కుమ్మరిచ్చుకున్న. తెల్లారెవరకు తక్కువైంది.”

“ఇప్పుడెట్ల కనబడుతది?”

“మంచిగనే కనబడుతది. ఇంట్ల పెండ్లాం గూడ కనబడుతది, గదొక్కటే తిప్పలు.”

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, సోమ్లా మొహం చూసి ఆపుకున్నారు. మిగతా ముగ్గురి కళ్ళూ అంతే. శుభ్రం.

“చూసిన్రా కాకా?” సరళ అందరికీ వినబడేలా అంది. “పురుగుమందు కంట్ల పడితే అప్పుడే మండుతది. ఆ దినమే పరుగెత్తుతరు, పది దినాలు ఆగరు. రోజూ మందుల మునిగి తేలినోళ్ళ కండ్లు బాగున్నయ్. ఆరు దినాల తర్వాత కాయ తెంపినోళ్ళ కండ్లు ఎట్ల పోయినయ్?”

గుంపులో గుసగుస మొదలైంది. “అయితే ఏంది? కండ్లకలకా?” అన్నాడు ధన్‌సింగ్.

“కండ్లకలక వచ్చిన మాట నిజమే. తాలుకాయలు ఏరే ముసలోళ్ళు, అవ్వా, మీకు రాలేదా?”

కల్లం మూల కూర్చున్న ముసలామె, పళ్ళు లేని నోటితో, “వచ్చింది. పొద్దుగాల లేస్తె రెప్పలు జిగురు పెట్టినట్టు అతుక్కుపోయేటియి. వారం ఇంట్ల పన్న. పోయింది,” అంది.

“చూపు తగ్గిందా?”

“సూది ఎక్కిస్త, చూస్తవా?”

“కండ్లకలక గంతే. రెండు కండ్లు ఎర్రబడతయ్, పుసి కారుతది, ఒకరి తువ్వాల ఇంకొకరు తుడుచుకుంటే ఇంటిల్లిపాదికీ పాకుతది. చూపు పోదు. ఏం చెయ్యకున్నా వారానికి పోతది. పువ్వు లేవదు.” సరళ ఊపిరి తీసుకుంది. “కోత ముఠా వాళ్ళు కొట్టంలకు రాండ్రి. ఒక్కొక్కలు.”

ముఠాలో మొత్తం పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. తండాలో కోతకు పోయే పద్ధతి అదే. ఎవరికి వారు పోరు. ముఠాగా పోతారు, ఒకరు పెద్దగా ఉంటారు, రైతుతో మాట ఆ పెద్దదే. ఏ తోటకు, ఎన్ని రోజులకు, ఎవరు పోవాలన్నా పెద్ద నోటి నుంచే రావాలి. పొద్దున తోటలోకి అడుగుపెట్టేటప్పుడు పెద్ద తలలు లెక్కపెడుతుంది. మధ్యాహ్నం సద్ది పెద్ద చుట్టూ కూర్చుని తింటారు.

కొట్టం లోపల చీకటిగా, మిరప ఘాటుగా ఉంది. ఒక మూల పూలి కన్ను మీద తడిగుడ్డ వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. సరళ తలుపు దగ్గర సంచి పరుచుకుని కూర్చుంది. ధన్‌సింగ్ గడపలో నిలబడ్డాడు.

ముందు నలుగురిని మాటలతోనే పరీక్షించింది. మోతీ కాక కన్ను చెడినవాళ్ళు వాళ్ళు.

“మొదలు ఏమైంది నీకు?”

“ఆకు గుచ్చుకున్నది. కొమ్మ వంచుతుంటే చటుక్కున కొట్టింది. నీళ్ళు కారినయ్. ఎంబడే ఎర్రగైంది.”

“తర్వాత?”

“ఎర్ర పోయింది.”

“ఎట్ల పోయింది?”

“దానంతటదే పోయింది.”

రెండో ఆమెకు దుమ్ము పడింది. ఎర్రబడింది. దానంతటదే పోయింది. మూడో ఆమెకు కాయ తొడిమ గీరుకుంది. దానంతటదే పోయింది. నాలుగో ఆమె సరళ అడగకముందే అంది. “దానంతటదే పోయింది.”

సరళ పెన్ను ఆగింది. నాలుగు నోళ్ళు, ఒకే మాట. కూడబలుక్కున్న మాట.

నల్లగుడ్డుకు గీత పడి, అందులోకి ఆకు మీది బూజు చేరి పుండు లేస్తే, ఆ కన్ను ఎర్రబడే తీరాలి. ఆ ఎరుపు ఒంటికి కాపలా. దాన్ని ఒక్క రోజులో తుడిచేసే మందు ఒకటుంది. బుడ్డి చిన్నది, చుక్క వేస్తే చల్లగా ఉంటుంది, తెల్లారేసరికి కన్ను తెల్లబడుతుంది. కాపలా పోయాక లోపలి బూజుకు అడ్డేముంది? పది రోజులు చప్పుడు చేయకుండా తింటుంది. మనిషి బాగైపోయింది అనుకుంటుంది. తీరా పువ్వు బయటపడేసరికి సగం కన్ను అయిపోయి ఉంటుంది. ఆపరేషన్ అయిన కంటికి డాక్టరు లెక్కపెట్టి, తగ్గించుకుంటూ వేయించే చుక్కలు అవి. పుండు పడ్డ కంట్లో పడితే విషమే.

ఎవరో వీళ్ళందరికీ ఆ చుక్కలు వేస్తున్నారు. వీళ్ళందరూ ఆ మనిషిని దాస్తున్నారు.

“ఎర్రకండ్లు వస్తే ఇంటికాడ ఎందుకు ఉండలే?” అని అడిగింది.

నాలుగో ఆమె తల విదిలించింది. “ఉంటే? ఎర్రకండ్లోళ్ళు తోటల అడుగు పెట్టద్దన్నడు గా ఎంకటకృష్ణ. గేటు కాడ నిలబడి కండ్లు చూసి ఎనక్కి పంపిండు. పదేను దినాల కోత. గది పోతే ఏడాది మొత్తంల ఇంకేమున్నది మాకు?”

బయట నుంచి వెంకటకృష్ణ గొంతు వినిపించింది. “అంటుకునే జబ్బని రావద్దన్నాను. మంచికే అన్నాను.”

“నీ మంచి పాడుగాను,” అంది ఆమె, తలుపు వైపు కూడా చూడకుండా.

కారణం తేలింది. మనిషి తేలాలి. ఒకటీ ఇరవై. సరళ సంచిలోంచి నారింజ రంగు కాగితం ముక్కల పొట్లం తీసింది. దాని కొసను ఒక చుక్క సెలైన్‌తో తడిపి కనురెప్ప లోపల తాకిస్తే రంగు పరుచుకుంటుంది. నీలం లైటు వేస్తే, గీరుకున్న చోటు పచ్చగా వెలుగుతుంది. ఇంకా పువ్వు లేవని పన్నెండు మందిలో ఎందరికి లోపల పుండు మొదలైందో చూడాలి.

మొదటి ఆమెను పిలిచింది. “తల ఎత్తు.”

ఆమె తల వెనక్కి వాల్చింది. కింది రెప్పను తనే వేలితో లాగి పట్టుకుంది. సరళ రంగు తాకించింది. ఆమె కన్ను మూసి, చూపుడు వేలుతో ముక్కు పక్కన, కంటి మూల గట్టిగా ఒత్తుకుంది. పెదాలు కదిలాయి. సరళ లైటు వేసి చూసింది. పచ్చ లేదు. “పో, నీకేం లేదు.”

రెండో ఆమె. తల వెనక్కి. రెప్ప కిందికి. వేలు కంటి మూలకు. పెదాలు కదిలాయి. లోపల సన్నటి పచ్చ గీత.

“నువ్వు ఖమ్మం రావాలె, ఇయ్యాలనే,” అంది సరళ. ఆ మాట అంటున్నా, మనసులో ఏదో గీరుతోంది. ఏదో చూసింది. ఏం చూసిందో అందడం లేదు.

మూడు, నాలుగు, ఐదు. అందరిదీ అదే పద్ధతి. ఆరో ఆమె వేలు కంటి మూల ఒత్తుకుని లంబాడీలో లెక్కపెట్టడం సరళ చెవిన పడింది. “ఏక్, దీ, తీన్, చార్...”

సరళ చేతిలో కాగితం ముక్క జారిపోయింది.

పదేళ్ళుగా సరళ చేసేది కళ్ళు చూసే పనే. చుక్కలు వేస్తే ఎవరైనా కళ్ళు గట్టిగా చికిలిస్తారు, చేత్తో నలుపుకుంటారు, సగం మందు బుగ్గ మీద కారిపోతుంది. చెప్పకుండా కంటి మూల ఒత్తుకునే పల్లెటూరి మనిషిని ఒక్కరిని కూడా ఆమె చూడలేదు. ఇక్కడ వరసగా ఆరుగురు.

తలుపు పక్కన మోతీ కూర్చుని ఉంది. తీసేసిన కన్ను మీద దూది, దాని మీద అంటించిన ప్లాస్టర్. రెండో కన్నుకు కూడా పరీక్ష కావాలని తన వంతు కోసం వచ్చింది. పూలి చెల్లెలు పోతూ పోతూ వదిలిపోయిన పిల్ల మోతీ. సరళతో పాటు ఒకే ఇంట్లో పెరిగింది.

“మోతీ, ఇటు రా. తల ఎత్తు.”

మోతీ తల వాల్చింది. సరళ ఈసారి రంగు వేయలేదు. ఉత్త సెలైన్ చుక్క వేసింది. మోతీ వేలు తనంత తానే ముక్కు పక్కకు పోయింది.

“గిట్ల ఒత్తుకునుడు నీకు ఎవరు నేర్పిండ్రు?”

“నువ్వే నేర్పినవట గదక్కా. గట్ల ఒత్తితే మందు గొంతులకు దిగదు, అరవై లెక్కపెట్టాలె అన్నవట...”

మోతీ ఆగిపోయింది. ఉన్న ఒక్క కన్ను పెద్దదైంది. వెనక ఉన్న ఆడవాళ్ళలో ఎవరో, “దీని నోట్ల మన్ను పడ,” అని గొణిగారు.

సరళకు కొట్టం మొత్తం ఒక్కసారి చిన్నదైపోయినట్టు అనిపించింది. ఆ పద్ధతి ఆమె ఈ తండాలో ఒక్క మనిషికే నేర్పింది. మూడేళ్ళ కింద, మంచం మీద కూర్చోబెట్టి, ఆరు వారాలు, రోజూ.

లేచింది. నాలుగు అడుగులు వేసి మూలన మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించి, తమ భాషలో కాకుండా తెలుగులో అడిగింది. దవాఖానలో రోగితో మాట్లాడినట్టు మాట్లాడకపోతే అరుస్తానేమోనని.

“యాడీ. ముఠాకు చుక్కలు వేసింది నువ్వేనా?”

పూలి గోడ వైపు నుంచి తిరగలేదు. ముఠాకు పెద్ద పూలి. పద్దెనిమిదేళ్ళుగా ఆమే పెద్ద.

“చెప్పద్దన్న,” అంది పూలి. “నువ్వు అరుస్తవని. బుడ్డి ఆరు వారాలు దాటినంక ముట్టుకుంటే కాళ్ళిరగ్గొడతా అన్నవ్ గద. అందుకే ఎవ్వలకు చెప్పద్దన్న.”

“ఎక్కడిది బుడ్డి?”

“నా ఆపరేషన్ చుక్కల అట్టపెట్టె దాసుకున్న. సంతల మందుల షాపోనికి చూపిచ్చిన. ఇచ్చిండు.”

“ఒకటే బుడ్డి అందరికా?”

“బువ్వ తినేటప్పుడు కూసోబెట్టి వేసేదాన్ని. ఏసినంక మంచిగ ఒత్తిపిచ్చేదాన్ని, నువ్వు చెప్పినట్టే. తెల్లారెవరకు ఎర్ర పోయేది. గేటు కాడ ఆ పిల్లగాడు చూసి ఏమనేటోడు కాదు. ఎవ్వల దగ్గర పైస తీస్కోలే బిడ్డా. అడుగు కావాలంటే.” పూలి తడిగుడ్డ సర్దుకుంది. “నాకు గూడ పది దినాల కింద ఆకు గుచ్చుకున్నది. నేను గూడ ఏసుకున్న. ఎర్ర పోయింది. నా ఈ కన్నుతోనే చూసిన అద్దంల.”

సరళ తల్లి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఎలా చెప్పాలి? చెప్పకుండా ఉండే మార్గం ఉంటే బాగుండేది.

“ఎర్ర పోవద్దు యాడీ. ఎర్ర ఉంటేనే కన్ను కొట్లాడుతున్నట్టు. నువ్వు కాపలాను ఎల్లగొట్టినవ్. లోపల పుండు పెరిగింది. మోతీకి గదే. నీకు గదే. పువ్వు లేసిన అందరికి గదే. ఒకరి కంట్ల పుసి ఆ బుడ్డి మూతితోనే ఇంకొకరికి పోయింది.”

 బయట ఎవరో దగ్గారు. పూలి మెల్లగా గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తడిగుడ్డ జారిపోయింది. రెండు కళ్ళు. ఒకటి యాభై ఏళ్ళ నాటి తెలుపు, ఒకటి ఇవాళ్టి తెలుపు.

“మోతీకి ఎవరు చెప్తరు?” అంది.

సరళ వెనక్కి తిరిగి చూసింది. మోతీ పది అడుగుల దూరంలో కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక, కంటి మూల ఇంకా ఒత్తుకునే ఉంది. అరవై పూర్తి కాలేదు కాబోలు.

“అర్ధగంట అయింది,” బయట సోమ్లా అరిచాడు. “బయటికి రా వదినా.”

గడప దాటుతుంటే ధన్‌సింగ్ కర్ర అడ్డం పెట్టాడు. అతను అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. ముసలి గొంతు ఆమె చెవి పక్కనే గుసగుసలాడింది.

“నేనేం వినలే బిడ్డా. నువ్వు గూడ ఏం అడుగలే. మందు అని చెప్పు. ఆని మందే అని చెప్పు. నేను సోమ్లా చేతిల డబ్బా గుంజుకుంట. ఎంకటకృష్ణకు రెండు దెబ్బలు పడతయ్, ఇంటికి పోతడు. ఇంతల దుంగలు లేస్తయ్. మీ యాడి రెండింటికల్లా బండ్ల ఉంటది. ఇంకో పేరు చెప్తివా, సోమ్లాను నేను ఆపలేను. తండా మొత్తం ఆపలేదు. ఆని పెండ్లాం కన్ను పోయింది.”

“నువ్వు డబ్బా గుంజకముందే ఆయన కండ్లల్ల పడితే?”

“ఆయనకు కారున్నది, నాయినున్నడు, హైదరాబాద్ ఉన్నది. మీ యాడికి ఏమున్నది? ఒక్క కన్ను.”

అబద్ధం నాలుక చివరన తయారుగా ఉంది. రెండే మాటలు. రెండు మాటలు చెబితే తల్లి కన్ను ఖమ్మం చేరుతుంది. సరళ కల్లంలోకి నడిచింది. కాళ్ళ కింద ఎండిన కాయలు పటపట విరుగుతున్నాయి. మందు అని చెబితే దుంగలు లేస్తాయి. రేపు ఇంకో తోట. మధ్యాహ్నం సద్ది మూటలు విప్పుతారు. పద్దెనిమిది తలలు మళ్ళీ వెనక్కి వాలతాయి. పూలి లేకపోతే బుడ్డి ఇంకొకరు పట్టుకుంటారు. ఎర్ర పోతుంది కదా, అందరూ కళ్ళారా చూశారు కదా.

ఒకటీ నలభై.

సోమ్లా డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. రెండో చేత్తో వెంకటకృష్ణ జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. కొట్టంలో ఆడవాళ్ళు వంచిన తీరుగానే.

“చెప్పు. ఈని మందేనా?”

“కాదు,” అంది సరళ.

గుంపు ఒక్కసారి కదిలింది. వెంకటకృష్ణ గొంతులోంచి ఏడుపు లాంటిది వచ్చింది.

“మరేంది?”

“చుక్కల మందు. ఎర్ర పోగొట్టేది. కోత ముఠాల అందరికీ ఒకటే బుడ్డితో వేసిండ్రు. పుండు ఉన్న కంట్ల ఆ చుక్క పడితే కన్ను కుళ్ళుతది. ఇండ్లల్ల ఎవరి దగ్గరన్నా ఆ బుడ్డి ఉంటే ఇప్పుడే తెచ్చి నా చేతుల పెట్టాలె. కంట్ల గీత పడ్డోళ్ళు, పువ్వు లేసినోళ్ళు అందరు నా ఎంట ఖమ్మం రావాలె, ఇప్పుడే. ఇంకా దక్కుతయ్ కండ్లు.”

“ఎవరు వేసిండ్రు?”

ముఠా ఆడవాళ్ళందరూ కొట్టం ముందు గుమిగూడారు. వాళ్ళ ముందు మోతీ. ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు.

సోమ్లా వెంకటకృష్ణ జుట్టు వదిలేశాడు. డబ్బా మాత్రం వదల్లేదు. కాయల మీద నడుస్తూ సరళ ముందుకు వచ్చి నిలబడ్డాడు.  మందు అంచు దాటి అతని వేళ్ళ మీదే ఒలికింది. అతను చూసుకోలేదు.

“మోతీ పెండ్లినాడు ఒట్టు పెట్టిన నేను, దాని కంట నీళ్ళు రానియ్యనని,” అన్నాడు, ఎవరితోనూ కాక, తనతో తాను అంటున్నట్టు. “నీళ్ళు వచ్చేటందుకే కన్ను లేకుండ చేసిండ్రు. ఎవరో చెప్పు వదినా. ఆడిదైనా మొగోడైనా, నా ఇంటోళ్ళైనా. వాళ్ళకెన్ని కండ్లుంటే అన్ని కండ్లల్ల ఇది పోస్త. పేరు చెప్పు.”

సరళ వెనక్కి చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. కొట్టం గడపలో గోడ పట్టుకుని ఎవరో లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. తడుముకుంటున్న అడుగు ఒకటి. ఇంకొకటి. ఆమె తనే వచ్చి చెప్పేలోపు, ఈ మనిషికి ఎదురుగా, ఈ డబ్బాకు అడ్డంగా నిలబడి, తనే చెప్పాలి.

“మా యాడి,” అంది సరళ. “పూలి.”